పదహారు ఉపచారాలు దేవుడికేనా?

ఈ వారం వీడియోలో షోడశోపచార పూజ గురించి చెప్పుకున్నాం కదా. అందులో చెప్పాలనుకుని వదిలేసిన సంగతి ఒకటి ఉంది. టైమ్ సరిపోలేదని అనొచ్చు. కానీ అసలు కారణం వేరు, కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం వానాకాలం. రోజూ లాగే అమీర్‌పేటలో మెట్రో మారి, పంజాగుట్టలో దిగాను. అమీర్‌పేట సంగతి మీకు తెలియనిది కాదు. బ్లూ లైన్, రెడ్ లైన్ కలిసే చోటు. పొద్దున తొమ్మిదింటికి అక్కడ మనం నడవం, వెనకున్న జనమే మనల్ని నడిపిస్తారు. ఆ తోపులాటకి మనసంతా చిరాకుగా ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్. వింటున్నది సినిమా పాటలు కాదండీ, రామాయణ ప్రవచనం.

స్టేషన్ మెట్లు దిగగానే ఒక పెద్దాయన ఎదురొచ్చారు. పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో ఆసుపత్రి రిపోర్టులున్న ప్లాస్టిక్ కవరు. పక్కన వాళ్లావిడ, గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆయన ఏదో అడిగారు. "నిమ్స్" అన్న ఒక్క మాట మాత్రం వినబడింది. నేను ఆగలేదు, ఇయర్‌ఫోన్ తీయలేదు. "అటు" అన్నట్టు చెయ్యి ఊపి ముందుకెళ్లిపోయాను.

కొంచెం దూరం వెళ్లాక ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. వాళ్లిద్దరూ నేను చెయ్యి ఊపిన వైపే నడుస్తున్నారు. అది నిమ్స్ వైపు కాదు. ఆయన ముందు, ఆవిడ రెండడుగులు వెనక. పరుగెత్తితే అందుకోవచ్చు. కానీ ఆఫీసుకి అప్పటికే లేటు. నేను వెళ్లలేదు. చెవిలో ప్రవచనం నడుస్తూనే ఉంది.

ఆరు నెలల తర్వాత మా నాన్నగారికి ఒంట్లో బాగోక ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈ కౌంటర్లో అడిగితే ఆ కౌంటర్ అన్నారు, అక్కడికి వెళ్తే తలెత్తకుండానే ఇంకో గది చూపించారు. ఇంగ్లీష్ వచ్చు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. అయినా కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన తనంతట తనే వచ్చి, "ఎక్కడికెళ్లాలి సార్? నాన్నగారిని ముందు కూర్చోబెట్టండి" అని కుర్చీ లాగారు. అంతే, పెద్ద సాయమేం కాదు. కానీ నాకు ఏడుపొచ్చింది. పంజాగుట్ట మెట్ల దగ్గర ఆ పెద్దాయనకి కూడా కావలసింది అంతేగా అనిపించింది.

ఆ రోజు నుంచి పూజని నేను కొంచెం వేరుగా చూడటం మొదలుపెట్టాను.

షోడశోపచారాలంటే ఏమిటి? ముందు ఆవాహనం, అంటే రండి అని పిలవడం. తర్వాత ఆసనం, కూర్చోమనడం. పాద్యం, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు. అర్ఘ్యం, చేతులకి నీళ్లు. ఆచమనీయం, పుచ్చుకోవడానికి నీళ్లు. ఆపైన స్నానం, వస్త్రం, గంధం, పూలు, ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం... చివర్లో ఉద్వాసన చెప్పేటప్పుడు కూడా మళ్లీ రమ్మనే సాగనంపుతాం. గమనించారా? ఇదంతా ఎండలో పడి దూరం నుంచి ఇంటికొచ్చిన మనిషికి చేసే మర్యాద. మన పెద్దవాళ్లు దేవుణ్ణి ఎలా పూజించాలా అని ఆలోచించి, ఇంటికొచ్చిన అతిథిని ఎలా చూసుకుంటామో అలాగే చూసుకోమన్నారు. పూజలో ఉన్నది మన ఇంటి మర్యాదే.

ఇక్కడే మన ఖైరతాబాద్ గణపతి నాకు ఒక పాఠం చెప్పాడు. 1954లో సింగరి శంకరయ్య గారు ఒక్క అడుగు విగ్రహంతో ఈ ఉత్సవం మొదలుపెట్టారు. 2024లో, 70 ఏళ్ల సందర్భంగా, స్వామి 70 అడుగుల ఎత్తున నిలబడ్డాడు. విగ్రహం ఎంత పెరిగినా ఉపచారాలు మాత్రం పదహారే. మీ ఇంట్లో పీట మీద పెట్టుకునే జానెడు మట్టి గణపతికీ అవే పదహారు. స్వామి చిన్నగా ఉన్నాడు కదా అని మనం పాద్యం ఎగ్గొట్టం.

మరి మనుషుల దగ్గర ఎందుకు ఎగ్గొడతాం? మేనేజర్ మెసేజ్‌కి నిమిషంలో "ష్యూర్ సర్" అని జవాబిస్తాం. అదే నిమిషంలో డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే "లొకేషన్ పెట్టా కదా, చూసుకో" అని విసుక్కుంటాం. ఎదుటి మనిషి ఎత్తు చూసి ఉపచారం కొలుస్తున్నాం అన్నమాట.

వాల్మీకి అయోధ్యకాండ మొదట్లోనే రాముడి గుణాలు వర్ణిస్తూ ఒక మాట వాడారు: పూర్వభాషి. అంటే ఎదుటివాళ్లు పలకరించేదాకా ఆగకుండా తనే ముందుగా పలకరించేవాడు. ఆయన చక్రవర్తి కొడుకు. ఎవరైనా వచ్చి నమస్కారం పెడితే తల ఊపితే సరిపోతుంది. అయినా ముందు మాట ఆయనదే. ఎవరైనా పరుషంగా మాట్లాడినా తిరిగి అలా మాట్లాడేవాడు కాదని కూడా అక్కడే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర ఆ సెక్యూరిటీ ఆయన చేసింది ఇదే. రామాయణం వింటూ నడిచిన నేను మాత్రం అడిగినా పలకలేదు.

ఇంకొక విషయం. కిష్కింధాకాండలో హనుమంతుడు మొదటిసారి రామలక్ష్మణుల దగ్గరికి వచ్చినప్పుడు వాళ్లెవరో ఆయనకి తెలియదు. వాలి పంపినవాళ్లేమోనని సుగ్రీవుడు అక్కడ భయంతో వణికిపోతున్నాడు. అలాంటి సమయంలో కూడా హనుమంతుడు నమస్కరించి, మెత్తగా మాట్లాడి, తను ఎవరో, ఎవరు పంపితే వచ్చాడో చెప్పుకున్నాడు. ఆ మాటతీరు విని రాముడు లక్ష్మణుడితో మెచ్చుకుంటాడు: ఒక్క మాట కూడా తప్పు లేదు, గొంతు హెచ్చలేదు, తగ్గలేదు, ముఖంలో ఎక్కడా దోషం కనబడలేదు అని. వాళ్ల స్నేహం మొదలైంది అక్కడే. సముద్రం దాటడం తర్వాతి సంగతి.

"మర్యాదలన్నీ పైపైన నటన కదా, మనసులో లేనిది ఎందుకు?" అని కొందరు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. భగవద్గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు మాటతో చేసే తపస్సు గురించి చెప్తాడు. ఎదుటివాళ్లకి ఉద్వేగం కలిగించని మాట, నిజమైన మాట, ప్రియమైన మాట, హితమైన మాట. ఈ నాలుగూ కలిసి ఉండాలి. కాబట్టి మర్యాద అంటే అన్నిటికీ తల ఊపడం కాదు, అబద్ధపు పొగడ్త అసలే కాదు. "కుదరదండీ" అని నిజం చెప్పొచ్చు, మనసు గాయపడకుండా చెప్పాలి. అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది. గౌరవం కోసం, పేరు కోసం చేసే తపస్సు రాజసం. ఫలం ఆశించకుండా చేసేది సాత్వికం. అంటే మన మర్యాద ఏ రకమో తెలుసుకోవడానికి పరీక్ష చాలా సులువు. మనకి ఏ పనీ పడని మనిషితో మనం ఎలా మాట్లాడుతున్నాం?

మన తెలుగులోనే ఎంత మర్యాద ఉందో చూడండి. ఇంట్లోంచి బయల్దేరేవాళ్లు "వెళ్లొస్తాను" అంటారు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటారు. దీపం "కొండెక్కింది" అంటారు. నువ్వు, మీరు దగ్గర మాత్రం కంగారు పడొద్దు. తెలంగాణ పల్లెల్లో తాతని, అమ్మమ్మని "నువ్వు" అనే పిలుస్తారు, అందులో ఉన్నది ప్రేమ. "మీరు" అంటూనే మనిషిని పురుగులా చూసేవాళ్లూ ఉన్నారు. సర్వనామం కంటే గొంతు ముఖ్యం.

ఈ వారం మనం నాలుగు పనులు చేద్దాం. నేనూ చేస్తున్నాను.

1. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు ఇయర్‌ఫోన్ తీయడం. ఇది ఆవాహనం అనుకోండి.

2. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని, ఊడ్చే అమ్మని రోజుకి ఒక్కసారైనా మనమే ముందుగా పలకరించడం. "అన్నా, తిన్నారా?" చాలు.

3. డెలివరీకి వచ్చినవాళ్లు ఎండలోంచి వచ్చి ఉంటే ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వడం. మన పూజలో మొదటి అయిదు ఉపచారాల్లో మూడు నీళ్లే.

4. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్ విసుగు లేకుండా ఎత్తడం. బయటివాళ్లతో "సారీ అండీ" అనే నోరు అమ్మతో "అబ్బా, ఏంటి!" అనడం మనందరి ఇళ్లలో ఉన్నదే. కష్టమైనది ఇదే, అందుకే చివర పెట్టాను.

ఆ పెద్దాయన, ఆవిడ ఆ రోజు నిమ్స్‌కి ఎప్పుడు చేరారో, ఎంత తిరిగారో నాకు తెలియదు. క్షమించమని అడగడానికి వాళ్లు మళ్లీ కనబడలేదు. ఇప్పటికీ పంజాగుట్ట స్టేషన్ మెట్లు దిగుతుంటే చేతిలో రిపోర్టుల కవరు ఉన్నవాళ్ల కోసం కళ్లు వెతుకుతాయి. కనబడితే నేనే వెళ్లి అడుగుతాను, "ఎక్కడికెళ్లాలండీ?" అని. తెలిసినవాళ్లయితే దారి తెలుసు అని నవ్వి వెళ్లిపోతారు. తెలియనివాళ్లయితే రోడ్డు దాకా కలిసి నడుస్తాను. ఆఫీసుకి ఓ అయిదు నిమిషాలు లేటవుతుంది. ఫర్వాలేదు.

వచ్చే చవితికి స్వామికి పాద్యం ఇచ్చేటప్పుడు, దూరం నుంచి నడిచొచ్చిన ఎవరి కాళ్లయినా ఒక్కసారి గుర్తు చేసుకోండి.

వెళ్లొస్తాను. నమస్కారం.