అంతర్జాలంలో ఆశురచన

శాసనాన్ని చెక్కిన శిల్పి చదువరి ఎవరని ఆలోచించడు. రాజు చదివినా, బాటసారి చదివినా శిలమీది అక్షరాలు అవే. అవధాని మార్గం వేరు. పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యను విని, అతని ఎదుటనే పద్యం అల్లి వినిపిస్తాడు. అంతర్జాలంలోని పుటలు సైతం ఈ రెండు తెరగులుగానే ఉన్నాయి. మొదటివి స్థిర పుటలు, రెండవవి గతిశీల పుటలు.

1989లో సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్ తొలినాళ్లలో ప్రధానంగా శాసనాల తీరునే ఉండేది. ముందుగా రాసి ఉంచిన పుటను సర్వర్ యథాతథంగా పంపేది. చదువరి కంప్యూటరులోని బ్రౌజరు దానిని తెరపై చూపేది. 1993లో సి.జి.ఐ. అనే పద్ధతి వచ్చిన పిదప, అభ్యర్థన అందగానే సర్వర్ ఒక ప్రోగ్రామును నడిపి, దాని ఫలితాన్నే పుటగా పంపడం సాధ్యమయింది. రాస్మస్ లెర్‌డార్ఫ్ అనే ప్రోగ్రామరు తన పుటను ఎందరు చూస్తున్నారో తెలుసుకొనడానికి రాసుకొన్న చిన్న ప్రోగ్రాములను 1995లో లోకానికి ఉచితంగా ఇచ్చాడు. అదే పి.హెచ్.పి. సొంత పెరటి కోసం నాటిన మొక్క ఊరందరికీ నీడనిచ్చింది. 2002లో వికీపీడియా ఈ భాషలో రాసిన సాఫ్ట్‌వేరుకు మారింది. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియా నేటికీ అటువంటి సాఫ్ట్‌వేరు మీదనే నడుస్తున్నది.

విద్యార్థులందరికీ అనుభవంలో ఉన్న ఉదాహరణ పరీక్షా ఫలితాలు. లక్షలాది అభ్యర్థులకు ఒక్కొక్క స్థిర పుటను తయారుచేసి, తప్పు దొర్లినప్పుడల్లా దిద్దడం ఎంతటి శ్రమ! సర్వర్ స్క్రిప్టు ఉన్నచోట పుట రూపం ఒక్కటే ఉంటుంది. మార్కులు డేటాబేసులో ఉంటాయి. విద్యార్థి హాల్‌టికెట్ సంఖ్యను నింపి పంపగానే స్క్రిప్టు ఆ సంఖ్యకు చెందిన మార్కులను వెదకి, పుటలో పొదిగి పంపుతుంది. పునఃపరిశీలనలో మార్కులు మారితే డేటాబేసులో ఒక్క అంకెను సవరిస్తే చాలు.

ఇంతకంటె ముఖ్యమైనది భద్రత. బ్రౌజరుకు చేరిన ప్రతి అక్షరమూ చదువరి చేతిలోనిదే. దానిని అతడు విప్పి చూడగలడు, మార్చగలడు. అందరి మార్కుల పట్టికనూ బ్రౌజరుకు పంపి, అక్కడ ఒక్కరివే చూపి తక్కినవి దాచినట్లయితే, అది దాచడం కాదు, తలుపు తీసి తెర వేయడం. రుసుము మొత్తాన్ని బ్రౌజరులో లెక్కించి, సర్వర్ మారుమాట లేక అంగీకరిస్తే, అయిదు వందలను అయిదుగా మార్చి చెల్లించే ఘనులకు కొదువ ఉండదు. స్క్రిప్టు సర్వర్‌లోనే నడిచినప్పుడు దాని ఫలితం మాత్రమే బయటికి వస్తుంది. లెక్క, రహస్య సంకేతపదం, ఇతరుల వివరాలు లోపలనే ఉంటాయి.

అయితే స్క్రిప్టు రాసేవాడు ఏమరినచో ఈ రక్షణ నిలువదు. హాల్‌టికెట్ సంఖ్య నింపవలసిన గడిలో దుర్బుద్ధి గలవాడు డేటాబేసుకు ఆజ్ఞనే రాసి పంపవచ్చు. వచ్చినది అంకెలా, ఆజ్ఞయా అని విచారింపక దానిని అట్లే ప్రశ్నలో చేర్చే స్క్రిప్టు, అడిగినవారికి పట్టిక అంతా అప్పగిస్తుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుని ఎత్తులను అవధాని కనిపెట్టి ఉండవలసినట్లే, అందిన ప్రతి మాటనూ స్క్రిప్టు శంకించి చూడాలి.

అవధానికి ధారణ ప్రాణం. వెబ్‌కు సహజంగా ధారణ లేదు. క్షణం క్రితం మాట్లాడినవారే మరల వచ్చినా సర్వర్‌కు కొత్తవారే. అందువలన స్క్రిప్టు ప్రతి సందర్శకునికి ఒక గుర్తుసంఖ్యను ఇచ్చి, సంభాషణను సెషన్‌గా గుర్తుంచుకొంటుంది. రైలు టికెట్టు కొనేవారు ప్రయాణ తేదీని ఒక పుటలోను, పేర్లను మరొక పుటలోను నింపినా రెండూ ఒకరివేనని తెలిసేది దీనివలననే.

ఈ సౌకర్యానికి మూల్యమూ ఉన్నది. ప్రతి అభ్యర్థనకూ సర్వర్ పని చేయాలి. ఫలితాలు వెలువడిన గంటలో లక్షలమంది ఒక్కసారిగా అడిగితే అది తడబడుతుంది. అందువలన నేర్పరులైన నిర్మాతలు, ప్రకటించిన పిదప అరుదుగా మారే పుటలను ఒకసారి అల్లించి నిలువచేసి, అడిగినవారికి ఆ ప్రతినే పంపుతారు. మార్కులు మారినప్పుడు మాత్రమే ఆ ప్రతిని చెరిపి మరల అల్లిస్తారు.