సూది గుచ్చుకుంటే దాచకండి

నేను బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాణ్ణి, చదివింది బి.కాం. వైద్యం నా విషయం కాదు. కానీ యానాం నుంచి నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు వెళ్ళే మన పిల్లలు ఫీజు సంగతి అడిగినంతగా ఈ సంగతి అడగడం లేదు. అందుకని తెలుసుకుని రాస్తున్నాను.

రోగికి వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సోకవచ్చు. అందరికీ భయం హెచ్.ఐ.వి. అంటేనే. లెక్క వేరుగా ఉంది. ఆ వైరస్ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే వెయ్యికి సుమారు ముగ్గురికి సోకుతుంది. అదే హెపటైటిస్ బి అయితే, టీకా లేనివారిలో నూటికి 6 నుంచి 30 మందికి. అదృష్టం ఏమిటంటే టీకా ఉన్నది ఈ రెండోదానికే. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, ఖరీదెక్కువ. 1997లో హైదరాబాదులో వరప్రసాదరెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఇక్కడే తయారుచేశాక సామాన్యులకు అందింది. మొత్తం మూడు డోసులు: మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. జూలైలో మొదలుపెడితే జనవరికి పూర్తవుతుంది.

వాడిన సూదికి తిరిగి మూత పెట్టబోయి గుచ్చుకోవడం తరచు జరిగేది. మూత పెట్టకుండా అక్కడికక్కడే కట్టర్‌తో తుంచి, గుచ్చినా చిల్లుపడని తెల్లడబ్బాలో వేయాలి. డబ్బా చేతికందే దూరంలో ఉండాలి. బ్యాంకులో నోట్ల కట్టల పిన్నులు పీకేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా వేళ్ళకు గుచ్చుకునేవి. 2001లో రిజర్వు బ్యాంకు పిన్నులే వద్దని, కాగితపు పట్టీలు వేయమంది. దాంతో ఆ బాధ తగ్గింది. చెత్తబుట్టలో పడేసిన సూది ఊడ్చే ఆయమ్మకు గుచ్చుకుంటుందని కూడా గుర్తుంచుకోండి.

గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడగాలి. పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పోయకూడదు. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మేలు. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. మొత్తం 28 రోజులు వాడాలి. ఆసుపత్రి తన సిబ్బందికి ఆ మందు ఇవ్వాలని 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం చెబుతోంది.

మా వీధిలో నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె సూది గుచ్చుకున్న సంగతి, వార్డులో తిడతారని రెండు రోజులు దాచింది. అన్నం సయించడం లేదేమని తల్లి గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. గడువు మించకముందే మందు మొదలైంది, తర్వాతి పరీక్షల్లో ఏమీ లేదని తేలింది. సంబంధాలు తప్పిపోతాయని దాచమనే పెద్దలూ ఉన్నారు. అది నాకు నచ్చదు.

మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయిస్తే రక్షణ వచ్చిందో లేదో తెలుస్తుంది. ఆ రిపోర్టును, టీకా కార్డును మార్కుల జాబితాలున్న ఫైల్లోనే ఉంచండి.