అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

కొత్తపేట,
ఆగస్టు 12



నువ్వు వాట్సాప్‌లో పంపిన రీడింగుల పట్టిక కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చూశాను. సిలికోన్ రబ్బరులో బేరియం టైటనేట్ పొడి కలిపి పోసిన రేకుకి డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3.3 వచ్చిందని దిగాలు పడ్డావు. అదే రబ్బరులో కొబ్బరిచిప్పల బొగ్గుపొడి కలిపితే 40 వచ్చింది, మన కోనసీమ సరుకే గెలిచింది పెదనాన్నా అని పొంగిపోయావు. నన్నడిగితే ఆ పట్టికలో నమ్మదగ్గ అంకె 3.3 ఒక్కటే.

కాటా మీద తూచి 30 శాతం పొడి వేశానన్నావు. బేరియం టైటనేట్ సాంద్రత 6, సిలికోన్‌ది 1కి కాస్త పైన. అంటే నీ రేకులో ఆ పొడి ఆక్రమించిన చోటు 7 శాతం కూడా లేదు. ఇక్కడ లెక్కకొచ్చేది చోటు, బరువు కాదు. రేణువులు గుండ్రంగా, విడివిడిగా ఉన్నాయనుకుని మాక్స్‌వెల్ గార్నెట్ సూత్రం వేసి చూడు. ఉత్త సిలికోన్ 2.7 అయితే నీ మిశ్రమానికి 3.3 దగ్గరే తేలుతుంది. కాబట్టి నీ చేతిపనిలో వంకేమీ లేదు. చోటులో 30 శాతానికి పోవాలంటే బరువులో 70 పైన వెయ్యాలి, అయినా లెక్క ప్రకారం 6 పైచిలుకే వస్తుంది. పొడి స్థిరాంకం వెయ్యి దాటినా ఏం లాభం? విద్యుత్ క్షేత్రం రేణువు లోపలికి పెద్దగా పోదు, చుట్టూ ఉన్న రబ్బరులోనే నిలిచిపోతుంది. పోనీ ఇంకా పోద్దామంటే రేకు పెళుసుబారి మడతకే విరుగుతుంది. వంగే పదార్థం కావాలనే కదా నువ్వీ పని మొదలెట్టింది!

ఇక బొగ్గు. 100 హెర్ట్జ్ దగ్గర 40 ఉన్నది లక్ష హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి 5కి పడిపోయింది. పక్క గడిలో లాస్ టాంజెంట్ 0.9 అని నువ్వే రాసి, దాన్ని పట్టించుకోలేదు. కెపాసిటర్‌కి పనికొచ్చే సరుకులో అది 0.02 లోపు ఉండాలి. 0.9 అంటే ఛార్జి దాచడానికి ఎంత కరెంటు పోతోందో దాదాపు అంతా వేడిగా పోతోందని. బొగ్గు రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఈ చివర నుంచి ఆ చివరకి దారి కట్టబోయే ముందు స్థిరాంకం ఇలాగే ఎగబాకుతుంది. ఆ దారి పూర్తయితే నీ చేతిలో మిగిలేది రెసిస్టరే.

పైగా నువ్వు కొలిచింది జూలైలో, అమలాపురంలో, ముసురు పట్టి ఉండగా. బొగ్గు నిండా సన్నటి రంధ్రాలు, అవి గాలిలో చెమ్మని పీలుస్తాయి. నీటి స్థిరాంకం 80. నీ 40లో బొగ్గు వాటా ఎంతో, వాన వాటా ఎంతో తేలాలి. రేకుల్ని 80 డిగ్రీల ఓవెన్లో రాత్రంతా ఉంచు. సిలికా జెల్ వేసిన డెసికేటర్లో చల్లార్చు. తీసిన వెంటనే కొలువు. కొబ్బరి పొట్టు కూడా కలిపి చూస్తానన్నావు, దానితో ఇంకా కష్టం. కడియం నర్సరీల వాళ్లు మన పొట్టు కొనేదే అది నీళ్లు పట్టి ఉంచుతుందని!

కెపాసిటర్ల టెస్టింగులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనక ఓ మాట చెబుతాను. గూడూరు గనుల అభ్రకం ఒకప్పుడు పైదేశాలకి ఎగుమతయ్యేది. దాని స్థిరాంకం ఎంతనుకున్నావు? ఆరో ఏడో. అయినా కెపాసిటర్లు చేసేవాళ్లు దానికోసం ఎగబడ్డారంటే, అది ఎక్కువ వోల్టేజికి ఓర్చుకుంటుంది, కరెంటుని కారనివ్వదు గనకే. రెండో ప్రపంచయుద్ధంలో అభ్రకానికి కటకట వచ్చినప్పుడే ప్రత్యామ్నాయాలు వెతుకుతూ బేరియం టైటనేట్‌ని పట్టుకున్నారు. దాచే శక్తి స్థిరాంకంతో సమానుపాతంలో పెరుగుతుంది, క్షేత్రంతోనైతే వర్గంగా పెరుగుతుంది. స్థిరాంకం రెట్టింపై, ఓర్చే వోల్టేజి సగమైతే నువ్వు మొదటికన్నా సగం నష్టపోయినట్టు. అందుకని బ్రేక్‌డౌన్ పరీక్ష తప్పనిసరిగా పెట్టు. ఒక్క ముక్క మీద కాదు, ఒకే పోతలోవి పదీ పదిహేను మీద.

ఆ పరీక్షలో మొదట దెబ్బతినేది పొడి ఉండకట్టిన చోటు. ఉప్మాలో ఉండల్లాగా పైకి కనపడవు, విరిచి మైక్రోస్కోపు కింద పెడితేనే తెలుస్తాయి. పొడికి సైలేన్ పూత వేస్తే రబ్బరుతో కలుస్తుంది. కాకపోతే నీది ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికోన్ అయితే అమైన్ ఉన్న సైలేన్ జోలికి పోకు, రబ్బరు జిగటగానే ఉండిపోతుంది. వినైల్ రకం తీసుకో. కలిపాక వ్యాక్యూమ్‌లో బుడగలు తియ్యి. పోశాక ఆలస్యం చెయ్యకుండా గట్టిపరచు, బరువైన పొడి అడుగుకి దిగిపోతుంది.

ఇలాంటి పరిశోధనకి ఉద్యోగాలుంటాయా అని మీ నాన్న బెంగ. మన తెలుగాయన రావు తుమ్మల ఐబీఎం వదిలి 1993లో జార్జియా టెక్‌కి వెళ్లి, పాలిమర్‌లో సిరామిక్ పొడి కలిపి కెపాసిటర్లని సర్క్యూట్ బోర్డు పొరల్లోనే పెట్టే పరిశోధన నడిపించారు. ఆయన పేపర్లు లైబ్రరీలో దొరికితే మీ నాన్నకీ చూపించు.

40 వచ్చిన రేకుని పారెయ్యకు. ఆరబెట్టాక అంకె బాగా పడిపోతే, అది చెమ్మని కొలిచే సెన్సారుకి పనికొస్తుందేమో మీ గైడ్ గారిని అడుగు. ఆరిన రీడింగులు ఆదివారంలోగా పంపు. పొడి శాతం ఈసారి చోటు లెక్కలో రాయి, లాస్ టాంజెంట్ గడిని పట్టించుకోకుండా వదలకు.

మీ పెదనాన్న