కారాగారంలో కళాశాల చదువు: దూరవిద్య దారి

హోసూరు రోడ్డుకు చేరువలో, ఎలక్ట్రానిక్ సిటీకి దగ్గరగా ఉన్న పరప్పన అగ్రహార కేంద్ర కారాగారం పేరు బెంగళూరు వాసులందరికీ తెలిసినదే. నేడు ఫ్రీడం పార్కుగా మారిన పాత జైలు నుండి 2000 సంవత్సరంలో ఖైదీలను ఇక్కడికి తరలించారు. చిత్తూరు, అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల నుండి ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలలో, తమవారు ఆ గోడల వెనుక ఉన్న కుటుంబాలూ ఉంటాయి. ఈ సంగతిని నలుగురిలో చెప్పుకోలేక, అడిగి తెలుసుకోదగిన విషయాలను సైతం వారు అడగకుండా ఊరుకుంటారు. అటువంటి విషయాలలో చదువు ఒకటి.

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. బొమ్మనహళ్లి ప్రాంతంలో నాలుగిళ్లలో పనిచేసుకొనే ఒక తల్లి ఉంది. ఆమె కుమారుడు మదనపల్లెలో తెలుగు మాధ్యమంలో ఇంటర్ ఉత్తీర్ణుడై, ఈ నగరానికి వచ్చి పనిలో చేరాడు. ఇప్పుడు ఒక కేసులో విచారణ ఖైదీగా ఉన్నాడు. ఒకనాటి ములాఖత్‌లో అతడు, “అమ్మా, డిగ్రీకి కడతాను, ఎట్లాగో కనుక్కో” అన్నాడు. ఆమె ఎవరిని అడగాలి? ఏ విశ్వవిద్యాలయం తగినది? చదువు నడుమ బెయిలు వచ్చినా, మరొక జైలుకు మార్చినా, కట్టిన చదువు ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమే ఈ పాఠం.

చదువుకు చట్టం ఇచ్చిన బలం

ఖైదీ చదువు కోరడం తప్పు కాదు, అధికారుల దయను యాచించడమూ కాదు. విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నిటినీ కోల్పోడని సుప్రీంకోర్టు 1974లో స్పష్టం చేసింది. అంతకుముందు 1965లో, మహారాష్ట్ర ప్రభుత్వ నిర్బంధంలో ఉండగా పరమాణువును గురించి మరాఠీలో విజ్ఞాన గ్రంథం రాసిన ప్రభాకర్ సంజ్‌గిరి, దానిని అచ్చుకు పంపడానికి అనుమతి లేదన్న ప్రభుత్వంపై ఇదే న్యాయస్థానంలో గెలిచాడు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 104వది, ఖైదీల విద్య వీలైనంతవరకు దేశంలోని సాధారణ విద్యా వ్యవస్థతో కలిసి ఉండాలంటుంది. విడుదలైన తరువాత ఆ చదువు ఆటంకం లేకుండా సాగాలన్నదే దాని ఉద్దేశం. రాబెన్ దీవి జైలులో ఉత్తరాల ద్వారా న్యాయశాస్త్రం చదివిన మండేలా పేరు ఆ నియమాలకు పెట్టడం సముచితమే.

అయితే, కోరిన ప్రతి కోర్సునూ జైలులో ఏర్పాటు చేయాలని ఈ తీర్పులు, నియమాలు చెప్పలేదు. కనుక వీలైన కోర్సును తెలిసి ఎంచుకోవడమే కుటుంబం చేయగల మేలు.

ఏ సంస్థ, ఏ భాష?

మనదేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలిసింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి తొలి ఉపకులపతి అయిన ఆచార్య జి. రాంరెడ్డి, 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అనగా ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి. కళాశాల గుమ్మం తొక్కలేనివారి వద్దకు చదువే వెళ్లాలన్న ఆ ఆలోచనలో తెలుగువారి పాలు పెద్దది.

తెలుగులో డిగ్రీ చదివించే అంబేద్కర్ విశ్వవిద్యాలయం పేరే ఆ తల్లికి మొదట తోచవచ్చు. కాని యూజీసీ నిబంధనల ప్రకారం రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య తమ రాష్ట్ర పరిధిని దాటరాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం బెంగళూరు జైలులో కేంద్రం నడపజాలదు. మైసూరులోని కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం 1996లో స్థాపితమైనది. అక్కడి బోధన ప్రధానంగా కన్నడ, ఆంగ్ల మాధ్యమాలలో సాగుతుంది. దానికీ ఇదే నియమం వర్తిస్తుంది. దాని పరిధి కర్ణాటక. ఇగ్నో మాత్రం దేశమంతటా పనిచేస్తుంది. బెంగళూరులో దానికి ప్రాంతీయ కేంద్రం ఉంది. జైళ్లలో ప్రత్యేక అధ్యయన కేంద్రాల ద్వారా చేరిన ఖైదీలకు ఇగ్నో రుసుము మినహాయింపు ఇస్తుంది. దాని డిగ్రీ పాఠ్యగ్రంథాలు ఎక్కువగా ఆంగ్లంలోను, హిందీలోను ఉంటాయి.

పదో తరగతి కూడా పూర్తికాని వారికి మొదటి మెట్టు జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అనగా ఎన్ఐఓఎస్. 14 ఏళ్లు నిండినవారు ఎవరైనా ఇక్కడ పదో తరగతికి చేరవచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. ఒకసారి నమోదైతే ఐదేళ్లలో, తొమ్మిది అవకాశాలలో, ఒక్కొక్క పాఠ్యాంశాన్నీ వీలునుబట్టి పూర్తిచేయవచ్చు.

తెలుగు మాధ్యమంలో చదివినవారు భాషను చూసి వెనుకాడనక్కరలేదు. కన్నడ లిపి తెలుగు లిపికి తోబుట్టువు. కొద్ది వారాల సాధనతో చదవడం పట్టుబడుతుంది. అది జైలు కార్యాలయంలోను, కోర్టు కాగితాలలోను కూడా అక్కరకు వస్తుంది.

ఎంపికకు మూడు గీటురాళ్లు

ఒకటి: గోడ దాటినా తెగని చదువు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరన దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి బెయిలు, విడుదల, లేదా బదిలీ ఎప్పుడైనా రావచ్చు. విడుదలై సొంత జిల్లాకు వెళ్లే అవకాశం ఉన్నవారికి, ప్రాంతీయ కేంద్రాన్ని మార్చుకొనే వీలున్న ఇగ్నో తగినది. దీర్ఘకాలం కర్ణాటకలోనే ఉండవలసినవారు మైసూరు విశ్వవిద్యాలయాన్ని కూడా పరిశీలించవచ్చు.

రెండు: గుర్తింపు. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకు గుర్తింపు ఉన్నదో లేదో చూడాలి. 2013–14 మొదలు మైసూరు విశ్వవిద్యాలయానికి గుర్తింపు నిలిచిపోయి, 2018–19లో తిరిగి లభించింది. ఆ నడుమ కాలపు విద్యార్థుల ఇబ్బందిని తలచుకుంటే ఈ జాగ్రత్త విలువ తెలుస్తుంది. వీధి గోడల మీద “ఒక్క ఏడాదిలో డిగ్రీ” అని కనిపించే ప్రకటనలకు డబ్బు కట్టరాదు.

మూడు: నాలుగు గోడల నడుమ పూర్తికాగల కోర్సు. ప్రయోగశాల అవసరమైన శాస్త్ర విషయాలు కష్టం. ఇంజనీరింగు, నర్సింగు దూరవిద్యలో లేవు. దూరవిద్యలో పొందిన న్యాయ పట్టాతో న్యాయవాదిగా నమోదు కావడానికి నేడు బార్ కౌన్సిల్ అంగీకరించదు. బి.ఏ., బి.కాం. వంటివి మొదటి అడుగుకు అనువైనవి.

కుటుంబం వేయవలసిన అడుగులు

1. మొదట జైలులోని ఉపాధ్యాయుని గాని, సంక్షేమ అధికారిని గాని కలిసి, ఈ ఏడాది అక్కడ ఏ విశ్వవిద్యాలయ కేంద్రం నడుస్తున్నదో అడగాలి. కేంద్రం ఉన్నచోటనే పరీక్ష రాయడం సులువు. బయట నెట్ సెంటరులో ముందే రుసుము కట్టి, తరువాత జైలుకు వెళ్లి అడగడం సాధారణంగా జరిగే పొరపాటు.

2. చదవదలచిన ఖైదీ స్వయంగా సూపరింటెండెంటుకు లిఖితపూర్వక అర్జీ ఇవ్వాలి. దాని నకలును, తేదీని కుటుంబం వద్ద ఉంచుకోవాలి.

3. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ఆధార్, ఫొటోలు సిద్ధం చేయాలి. పోయిన జాబితాల నకలు కోసం ఇంటర్మీడియట్ బోర్డుకు ముందుగానే దరఖాస్తు చేయాలి.

4. ఇప్పుడు దూరవిద్యలో చేరడానికి యూజీసీ ఇచ్చే డెబ్ ఐడీ తప్పనిసరి. దానికి ఆధార్‌తో ముడిపడిన మొబైలుకు వచ్చే ఓటీపీ కావాలి. లోపల ఉన్నవారి చేతిలో ఫోను ఉండదు. కనుక ఆ సిమ్‌కార్డును ఇంట్లో భద్రపరచి, రీచార్జి ఆగిపోకుండా చూడాలి. జైలు కార్యాలయం దరఖాస్తు నింపే రోజును ముందే తెలుసుకోవాలి.

5. ఇగ్నోలో ప్రవేశాలు జనవరి, జూలై విడతలలో, పరీక్షలు జూన్, డిసెంబరు నెలలలో జరుగుతాయి. పరీక్షకు ముందు అసైన్‌మెంట్లు సమర్పించాలి. ప్రతి సంవత్సరం తిరిగి నమోదు చేసుకోవాలి. ఈ తేదీలను ఇంటి క్యాలెండరులో రాసిపెట్టి ములాఖత్‌లో గుర్తుచేయాలి.

6. ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకాలు ఆలస్యమైతే వాటిని అచ్చు తీయించి, అనుమతితో కార్యాలయం ద్వారా అందజేయవచ్చు.

7. అర్జీకి సమాధానం రాకుంటే జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతివారికీ ఉచిత న్యాయసేవ పొందే అర్హత ఉంది. సహాయవాణి సంఖ్య 15100.

విడుదలైన వెంటనే ప్రాంతీయ కేంద్రానికి వెళ్లి చిరునామా, అధ్యయన కేంద్రం మార్పించుకోవాలి. మిగిలిన సంవత్సరాల రుసుము సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. మూడేళ్ల డిగ్రీని పూర్తిచేయడానికి ఇంకా ఎక్కువ గడువు ఉంటుంది కనుక, ఒకటి రెండు పరీక్షలు తప్పినా చదువు చెడిపోదు.

చదువు వల్ల ఏమి కలుగుతుంది?

చదువుతున్నాడన్న కారణంతో కేసు తేలికపడదు. చదువు బెయిలుకు బదులు కాదు. ఈ మాట కుటుంబం ముందే తెలుసుకోవాలి. అయితే ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశానికి 120 గంటలు. కాలం గడవని చోట ఆ 120 గంటలకు ఒక అర్థం, ఒక తేదీ, ఒక ఫలితం ఏర్పడతాయి. పత్రికా రచనకు 1908లో జైలు పాలైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు తరువాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు తన జీవితాన్ని అర్పించిన సంగతి తెలుగువారికి గుర్తుండదగినది.

బొమ్మనహళ్లి తల్లి తిరిగి ములాఖత్‌కు వెళ్లినప్పుడు చెప్పవలసిన మాట చిన్నదే: “నీవు అర్జీ రాసి ఇవ్వు నాయనా. కాగితాలు, సిమ్‌కార్డు నేను చూసుకుంటాను.”

ఆలోచించండి

1. కోర్సును ఎంచుకొనే ముందు విడుదల, బదిలీ అవకాశాలను ఎందుకు పరిశీలించాలి?

2. మీ ఇంట్లో అందరి ఆధార్‌లకూ ఏయే మొబైలు సంఖ్యలు ముడిపడి ఉన్నవి? అవి పనిచేస్తున్నవా?

3. మీ వీధిలో ఇటువంటి కుటుంబం ఉంటే, వారి గౌరవానికి భంగం కలగకుండా ఈ సమాచారాన్ని ఎలా అందజేస్తారు?