రేడియో అయోడిన్ మందు - ఇంటివారు తెలుసుకోవలసినది



థైరాయిడ్ జబ్బుకు పెద్ద ఆసుపత్రిలో రేడియో అయోడిన్ తీసుకుని వచ్చిన రోగిని చందర్లపాడు, నందిగామ వైపు కొన్ని ఇళ్ళలో వసారాలో ఉంచి, కంచం కూడా దూరం నుండి జరుపుతారు. కొందరేమో "మందే గదా" అని ఆ రాత్రే పసిబిడ్డను పక్కలో పడుకోబెడతారు. రెండూ సరికావు.

ఈ అయోడిన్ మనిషిలో ఏమి చేస్తుందో లోకానికి ఒక విషాదం ద్వారా కూడా తెలిసింది. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చింది. సుమారు 150 కిలోమీటర్ల దూరానగల రోంగెలాప్ దీవిపై తెల్లని ధూళి రాలింది. తాగే నీటిలో, తిండిలో కలిసింది. పిల్లలు దానితో ఆడుకున్నారు. రెండు రోజులు దాటాకగాని వారిని అక్కడినుండి తరలించలేదు.

ఎవరి కడుపులోకి ఎంత పోయిందో తూచినవారు లేరు. అందుచేత రెండు వారాల తరువాత వారి మూత్రం సేకరించి, అందులోని అయోడిన్-131ను కొలిచారు. ఇది 8 రోజులకు సగం, 16 రోజులకు పావు వంతు మిగులుతుంది. శరీరం మూత్రంలో రోజూ ఎంత వదులుతుందో కూడా లెక్కకట్టి, వెనక్కు మొదటి రోజుదాకా వెళ్ళారు. అయితే కొన్ని గంటలలోనే తగ్గిపోయే ఇతర రకాల అయోడిన్ అప్పటికే కనబడకుండా పోయింది. దానిని బాంబు ధూళిలోని పాళ్ళను బట్టి కలుపుకోవలసి వచ్చింది. పైగా అనేకమంది మూత్రం ఒకచోట కలిపి పరీక్షించారు గనుక ఒక్కొక్కరి లెక్క విడిగా తేలలేదు. కనుక దీనిని అంచనా అనాలేగాని కొలత అనకూడదు.

1963 నుండి వారి మెడలలో థైరాయిడ్ గడ్డలు బయటపడ్డాయి, ముఖ్యంగా బాంబు నాటికి చిన్నపిల్లలుగా ఉన్నవారిలో. ఏడాది బిడ్డ థైరాయిడ్ గ్రంథి ఒకటి రెండు గ్రాములే, పెద్దవారిది 15 నుండి 20 గ్రాములు. అదే అయోడిన్ చిన్న గ్రంథిలో చేరితే దెబ్బ ఎన్నో రెట్లు ఎక్కువ.

మీ రోగికి ఇచ్చినది ఆ అయోడిన్-131 రకమే, కాని డాక్టరు కొలిచి, జబ్బుపడిన గ్రంథి కోసమే ఇచ్చినది. మిగిలినది ఎక్కువగా మూత్రంలో పోతుంది. అందుకే నీళ్ళు బాగా తాగించండి. మగవారైనా కూర్చునే మూత్రం పోయాలి, రెండుసార్లు నీళ్ళు పోయాలి, చేతులు సబ్బుతో కడగాలి. కంచం, గ్లాసు విడిగా వాడి మామూలుగా కడిగితే చాలు. పసిపిల్లలు, గర్భవతులు డాక్టరు చెప్పినన్ని రోజులు దూరంగా ఉండాలి. పాలిచ్చే తల్లి అయితే ఆ మాట మందుకు ముందే చెప్పండి, పాలు మాన్పించాలి.

ఎక్స్‌రే, సి.టి. స్కాన్ తీయించుకున్న వారికి ఈ జాగ్రత్తలేవీ అక్కరలేదు. యంత్రం ఆగగానే ఆ కిరణాలు ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు.

ఎన్ని రోజులు దూరం ఉండాలో డిశ్చార్జి కాగితంలో చూడండి. లేకపోతే ఆసుపత్రి వదలకముందే అడిగి రాయించుకోండి.