పసుపు గడ్డలు

ఒక ఊళ్లో ఆరేళ్ల పాపకు మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపు రంగు గడ్డలు లేచాయి. "పులిపిర్లేలే" అన్నది నాయనమ్మ. తల్లి ఊరుకోలేదు. ఆస్పత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. "ఇవి కొవ్వు గడ్డలమ్మా. పాప రక్తంలో కొలెస్టరాల్ అనే కొవ్వు చాలా ఎక్కువుంది. మీది మేనరికమా?"

"అవునమ్మా. మేనమామనే చేసుకున్నా."

మామూలుగా ఈ కొవ్వును రక్తంలోంచి కాలేయం, అంటే కార్జం, లాగేస్తుంది. ఈ జబ్బులో లాగలేదు. కొవ్వు చర్మం కింద, గుండె రక్తనాళాల్లో పేరుకుంటుంది. చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు.

లక్షల మందిలో ఒకరికి పుట్టుకతో వచ్చే జబ్బు ఇది. తల్లి నుంచీ, తండ్రి నుంచీ లోపం వస్తే బిడ్డకు ఇలా అవుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ.

ఇది అంటుకోదు. గడ్డలు కోయిస్తే పోదు. జీవితాంతం మందులు వాడాలి. తల్లిదండ్రులూ, తోబుట్టువులూ రక్తం పరీక్ష చేయించుకోవాలి.