చూడి గేదె కడుపులో నెత్తురు దారులు

గేదె ఎదకు రాలేదని కొందరు తొందరపడి ఎద సూది వేయిస్తుంటారు. తీరా చూస్తే అది చూడిదే! అయిదు నెలల్లోపు చూడి గేదెకు ప్రోస్టాగ్లాండిన్ సూది పడితే ఈసుకుపోయే ప్రమాదం ఉంది.

చూలు నిలిచాక అండాశయం మీద కార్పస్ లూటియం అనే చిన్న ముద్ద ప్రొజెస్టిరాన్ హార్మోనును విడుదల చేస్తుంది. గర్భసంచిని కదలనీయకుండా ఉంచేది అదే. ఆ సూది ఈ ముద్దనే కరిగిస్తుంది.

ఈస్ట్రోజన్ పని వేరు. అది గర్భసంచికి పోయే రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, కొత్త సన్న నాళాలు పుట్టడానికి తోడ్పడుతుంది. మాయ గర్భసంచి గోడకు బొత్తాల్లాంటి బుడిపెల దగ్గర అతుక్కుంటుంది. అక్కడ తల్లి నెత్తురూ దూడ నెత్తురూ కలవవు. పల్చటి పొరల గుండానే మేత సారం, ప్రాణవాయువు దూడకు అందుతాయి.

నాలుగో నెల దాటాక డాక్టరు చేయి పెట్టి చూస్తే గర్భసంచి ధమని మామూలు నాడిలా కొట్టుకోదు, జుమ్మని అదురుతుంది. చూడికి అదొక గుర్తు. (తెలియనివాళ్ళు చేయి పెట్టే పని కాదిది.)

దూడ బరువు ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే. నాళాలు ఎంత పెరిగినా వాటిలో పారే సారం దాణాలోంచే రావాలి కదా! ఈనే ముందు రెండు నెలలు పాలు పిండడం ఆపండి. కట్టించిన తేదీని గోడ మీదైనా రాసుకోండి. రెండు నెలలు దాటినా ఎద కనపడకపోతే సూదికి ముందు చూడి పరీక్ష చేయించండి.